బోర్ల పుస్తకం

దేవరకొండ బస్టాండు ఎదురుంగ నా జిరాక్స్ దుకాణం.
పద్నాలుగేండ్ల సంది ఈ అద్దం మీద
బోర్ల పండవెట్టి, మూత మూసి, వెలుగు నడిపిస్తున్న:
ఆధార్ కార్డులు, పట్టా పాసుబుక్కులు,
ఒకపారి ఒకామె పెండ్లి ఫోటో, కోర్టుల చూపెట్టనీకి.
ఏదీ చదవ.
చదివితే చెయ్యి ఆగుతది, లైను పెరుగుతది.

మొన్న శనివారం, ఐతారం
లైబ్రరీల పుస్తకాల పండుగ అన్నరు.
అమ్ముడు కాదంట, చేసుకునుడంట.
ఎవరి పుస్తకం వాళ్లే.
నల్లగొండ నుంచి ఇద్దరు పోరగాండ్లొచ్చిండ్రు
ఒక పొడుగు స్టాప్లరు, నాలుగు కత్తెర్లు,
గిన్నెడు మైదా లై పట్టుకొని.
"అన్నా, మీ మిషన్ రెండు దినాలు కావాలె."
అది లేవదు, మీరే రాండ్రి అన్న.

ముందుగాల గౌసియా వచ్చింది, తొమ్మిదో తరగతి.
కాయితం మీద సగం బొమ్మలు నిలవడ్డయి,
సగం తలకిందులు.
తప్పు గీసినవు బిడ్డా, అని తిప్పబోతే
నా చేతులకెళ్లి గుంజుకున్నది.
నిలువుకొక మడత, అడ్డంకొక మడత, మళ్ల ఒకటి,
నడుమల ఒక్క కత్తెర గాటు.
రెండు కొసలు పట్టి లోపలికి నూకితే
ఎనిమిది పేజీలు లేచి కూసున్నయి,
అన్నీ సక్కగనే.
మళ్ల ఇప్పి చూసిన. మళ్ల మడిచిన.
కాయితం సంగతి నాకు తెలుసనుకున్న గదా ఇన్నేండ్లు!

ఆమె పుస్తకం నిండ ఊర్ల బోర్డుల తప్పులు.
మూడో పేజీల నా దుకాణం:
జిరుక్స్.
ఇయ్యాల్టి దాంక నేను చూడలే.

కండక్టరుగ చేసి రిటైరైన సాయిలు సారు
బస్సు ఆగుడు బందైన స్టేజీలన్నీ
పాత టికెట్లతోని అతికిచ్చిండు.
తన పంచింగు మిషన్‌తోనే బొక్కలు కొట్టి
దారం గుచ్చిండు.

ఐతారం మాపటికి రమావత్ మారోణి.
అట్ట మీద పేరు గౌసియా రాసిచ్చిందట,
లోపల అక్షరం లేదు.
పేజీకొక గీత, పైనుంచి కిందికి.
గీత పక్కన చిన్నగ ఒక బొమ్మ.
"ఇదేందమ్మా?"
"బోరు."
"ఈ మేకలు?"
"బోరు ఏపియ్యనీకి అమ్మినయి."
రెండో గీత ఇంకింత పొడుగు, పక్కన కాళ్ల కడియాలు.
మూడో దాని పక్కన ఎడ్లు.
నాలుగు, అయిదు...
నేను చదువుతున్నట్టు నాకే ఎరుక లేదు.
ఎనక లైను పెరిగింది.

ఆరో బోరుకు పేజీ చాలలే.
క్యాలెండర్ కాయితం పట్టీలు కోసి
ఒకదానికొకటి అంటుపెట్టి
చీర కుచ్చిళ్ల లెక్క మడిచి పెట్టింది.
ఇడిసిపెడితే
కౌంటరు దిగి, గడప దాటి,
ఆమె చెప్పుల కాడికి పోయింది గీత.
"ఏడొందల అరవై అడుగులు."
పక్కన బొమ్మేం లేదు.
నేను అడగలే.
ఆమెనే నవ్వింది:
"ఇంకింత కాయితం ఉంటే ఇంకోటి ఏసేదాన్ని."

నా అద్దం పదకొండున్నర అంగుళాలు.
ఆ బోరును తొమ్మిది ముక్కలుగ తీసిన,
ఒక్కో ముక్క ఇరవై కాపీలు.
పోరగాండ్లు కిందనే కూసుండి అతికిచ్చిండ్రు.

ఎనక అట్ట మీద ఏదో గరుకుగ తగిలింది.
"రిగ్గు పొడి. లై పూసి సల్లిన,
నీళ్లు రాలే గదా, వచ్చింది అదే."
బూడిద రంగు, గోధుమపిండి అంత సన్నగ.
బోర్ల పండవెట్టిన. మూత మూసిన.
కాపీల మబ్బు వట్టినట్టు వచ్చింది,
పొడి మాత్రం కొంత అద్దం మీద నిలిచింది.

పైసలు ఇయ్యబోతే వద్దన్న.
ఇరవైలకెళ్లి ఒకటి నా గల్లల వేసి పోయింది.

సోమవారం పొద్దుగాల
రైతుబీమాకని ఒకాయన పాసుబుక్కు తెచ్చిండు.
కాపీ ఎత్తి ఎలుగుకు పట్టి చూసిండు,
కింది మూలకు సన్నగ చుక్కలు.
"ఏందన్నా ఇవి?"

తుడుస్త అన్న.

బేస్తవారం అయింది ఇయ్యాల.
అందరికీ అదే చెప్తున్న.